కూసుంటది సార్!



పొద్దున ఏడున్నరకి హబ్సిగూడ నుంచి నాచారం వైపు మళ్లే చోట నిలబడితే వినపడని చప్పుడంటూ ఉండదు. బస్సు బ్రేకుల కీచులు, ఆటోల టపటపలు, స్కూలు వ్యాన్ల హారన్లు, అవతల మెట్రో రైలు. అంత గోలలోనూ ఒక్క చప్పుడు వస్తే మాత్రం నా తల దానంతట అదే అటు తిరుగుతుంది. పాత కుట్టుమిషన్‌ని ఎవరో ఆదరాబాదరాగా తొక్కుతున్నట్టు, దాని పక్కనే పెద్ద ఫ్యాను హోరెత్తుతున్నట్టు ఉంటుంది. వోక్స్‌వ్యాగన్ బీటిల్. మా చిన్నప్పుడు తాబేలు కారు అనేవాళ్లం.

ఆ కారుకి ఇంజను వెనక ఉంటుంది. రేడియేటరు లేదు, నీళ్లు లేవు. దాన్ని చల్లబరచాల్సింది గాలి, ఆ గాలికి తోడు రెండున్నర లీటర్ల ఆయిలు. అంతే. అలాంటి పాత ఇంజను ఒకటి మొత్తం విప్పి, మళ్లీ కట్టాల్సివస్తే సామాన్లు ఎలా ఎంచుకోవాలి, ఏది దేనితో కలుస్తుంది, ఏది కలిసినట్టు కనిపించి మోసం చేస్తుంది — ఇదే ఇవాళ నేను మీతో చెప్పబోయేది. నేను కార్ల మెకానిక్కుని కానని ముందే మనవి. ముప్పయ్యేళ్లు టూల్‌రూములో పనిచేసి రిటైరయ్యాను. కొలవడం తప్ప నాకింకో విద్య రాదు. కానీ ఈ పనిలో ముప్పాతిక వంతు కొలవడమే.

కిందటేడు మా చెల్లెలి కొడుకు ఒక బీటిల్ కొన్నాడు. కొన్నాడంటే, తాళ్లు కట్టి లాక్కొచ్చాడు. మా జవహర్‌నగర్ ఇంటి ముందున్న రేకుల షెడ్డులో దాన్ని పెట్టి, "మామయ్యా, 1964 మోడలు. ఇంజను పట్టేసింది గానీ బాడీ బంగారం" అన్నాడు. బంగారమో కాదో తర్వాత చూద్దాం, ముందు నంబరు చూద్దాం అన్నాను. బీటిల్ ఇంజను నంబరు జనరేటర్ కూర్చునే స్టాండు కింద, కేసు మీద గుద్ది ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూశాం. మొదటి రెండు అక్షరాలు: ఏ, డీ.

1964 కారులో ఏడీ ఉండకూడదు. డీ అక్షరంతో మొదలైతే అది 1200 ఇంజను, ఎఫ్ అయితే 1300, హెచ్ అయితే 1500. ఏడీ అంటే 1600, అదీ 1970 ఆగస్టు తర్వాత, ఒక్కో సిలిండర్ హెడ్డుకి రెండేసి గాలి దారులు పెట్టాక వచ్చినది. అంటే ఈ కారు పుట్టినప్పుడున్న ఇంజను ఎప్పుడో పోయింది. ఎవరో, ఎక్కడో, ఇంకో కారుది తెచ్చి పెట్టారు. గేరుబాక్సుకుండే గంట ఆకారపు గూడు లోపల చూస్తే ఉలితో చెక్కిన గుర్తులున్నాయి. ఎందుకంటే 6 ఓల్టుల కాలం ఫ్లైవీలుకి 109 పళ్లు, 12 ఓల్టుల కాలం ఫ్లైవీలుకి 130. పెద్ద చక్రం పాత గంటలో పట్టదు, గోడకి రాసుకుంటుంది. పట్టడానికి ఎవరో గోడ చెక్కారు. చెక్కితే చెక్కారు గానీ, స్టార్టరు షాఫ్టు తిరిగే బుష్షు మాత్రం మార్చలేదు. రెండు కాలాల స్టార్టర్లకీ ఆ బుష్షు రంధ్రం ఒకటి కాదు. పిల్లాడు మొదటిసారి సెల్ఫు కొట్టినప్పుడు వచ్చిన ఏడుపు దానిదే.

అందుకని శ్రోతలారా, సామాను కొనబోయే ముందు కారు ఏ సంవత్సరానిదని అడిగితే సగం తప్పు ప్రశ్న. ఈ కేసు ఏ ఏడాదిది, ఈ షాఫ్టు ఏ ఏడాదిది, ఈ హెడ్డు ఏ ఏడాదిది అని విడివిడిగా అడగాలి. యాభై అరవై ఏళ్ల ఇంజనులో ఇవన్నీ ఒక ఇంట్లో పుట్టి ఉండవు.

వీటికి పోలికలు ఎక్కువ, చిక్కంతా అక్కడే. ఈ ఇంజను నమూనా 1930ల్లో జర్మనీలో గీసింది. నాలుగు సిలిండర్లు, రెండు ఇటు పడుకుని, రెండు అటు పడుకుని. బీటిల్ కార్లు మెక్సికోలో 2003 జూలై 30 దాకా తయారయ్యాయి. మొత్తం 2 కోట్ల 15 లక్షలు దాటాయి. బ్రెజిల్‌లో వ్యానులకి ఈ గాలి ఇంజను 2005 చివరిదాకా పెట్టారు. అన్నేళ్లూ అసలు ఆకారం మారలేదు. లోపల మాత్రం ఏడాదికొకటి చొప్పున ఏదో ఒకటి మారుస్తూనే వచ్చారు. ఒకే తాత పోలిక పదిమంది మనవళ్లకి వచ్చినట్టన్నమాట. వెనక నుంచి పిలిస్తే ఎవరో ఒకరు తిరిగి చూస్తారు, మీరు పిలిచినవాడే తిరగాలని లేదు.

లెక్క చూడండి. 1200 ఇంజనులో పిస్టన్ వెడల్పు 77 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 64. 1300లోనూ అదే 77, కానీ క్రాంక్‌షాఫ్టు మారి దూరం 69 అయింది. 1500లో 83, 69. 1600లో 85.5, మళ్లీ 69. ఇప్పుడు 1500 సిలిండర్లనీ 1600 సిలిండర్లనీ పక్కపక్కన పెడితే బయటి కొలతలో తేడా తెలియదు. ఒకే కేసులో రెండూ దిగుతాయి. ఒకడు మూడు 85.5లు, ఒక 83 వేసి కట్టినా నట్లన్నీ బిగుస్తాయి. ఇంజను స్టార్టవుతుంది కూడా. తర్వాత వణుకు మొదలవుతుంది. ఆ వణుక్కి కారణం వెతకడానికి కార్బురేటరు నాలుగుసార్లు విప్పుతారు.

సామాన్ల కోసం రాణిగంజ్ వెళ్లాం. ఈ ఊళ్లో పాత యంత్రాల సామాను కావాలంటే ఎవరైనా ముందు వెళ్లేది అక్కడికే. ఒక దుకాణం వెనక గదిలో, ట్రాక్టరు లైనర్ల పక్కన, కాగితంలో చుట్టిన క్యామ్‌షాఫ్టు ఒకటి దొరికింది. వాడినట్టే లేదు, తళతళలాడుతోంది. మా వాడి కళ్లు మెరిశాయి. "భాయ్, ఇది మా ఇంజనుకి సరిపోతుందా?" అన్నాను. ఆయన దాన్ని చేతిలో ఒకసారి తిప్పి, "బీటిల్‌దే సార్. కూసుంటది" అన్నాడు.

కూసుంటది. ఈ మాట నేను నలభై ఏళ్లుగా వింటున్నాను. మొదటిసారి నన్ను ముంచింది మాత్రం కారు కాదు, స్కూటరు. మీలో పెద్దవాళ్లకి ఆల్విన్ పుష్పక్ గుర్తుండే ఉంటుంది. ఇటలీలో లాంబ్రెట్టా స్కూటర్లు చేసే ఇన్నొసెంటి కంపెనీ యంత్రాల్ని లక్నోలోని స్కూటర్స్ ఇండియా కొనుక్కొచ్చింది. అక్కడ ఆ లాంబ్రెట్టా విజయ్ సూపర్ అయింది. అదే ఇంజనుతో మన హైదరాబాద్‌లో పుష్పక్ అయింది. 57 మిల్లీమీటర్ల పిస్టను, 58 మిల్లీమీటర్ల కదలిక, 148 సీసీ. అది కూడా గాలితో చల్లబడేదే. నా పుష్పక్‌కి మ్యాగ్నెటు చక్రం పాడైతే మెకానిక్కు ఒక పాత లాంబ్రెట్టాది తెచ్చాడు. దానికంటే ముందు బొంబాయిలో ఏపీఐ కంపెనీ చేసిన లాంబ్రెట్టాలుండేవి కదా, వాటిది. చూడ్డానికి ఒకటే. కానీ పాత షాఫ్టు చివరి కోను సన్నం, పుష్పక్‌ది లావు. చక్రం కోను మీద పూర్తిగా దిగలేదు, కాస్త బయటికే ఆగింది. అతను నట్టు బిగించి, చెయ్యి తుడుచుకుని, "కూసున్నది సార్" అన్నాడు. నాలుగో రోజు తార్నాకలో లోపలి కీ తెగింది. స్కూటరు తోసుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రోజునుంచి నాకు ఒక అలవాటు. ఎవరైనా కూసుంటదంటే, ఎంత లోతు కూసుంటది అని అడుగుతాను.

క్యామ్‌షాఫ్టు దగ్గరికొద్దాం. దాని చివర ఒక పళ్ల చక్రం రివెట్లతో బిగించి ఉంటుంది. నేను కళ్లద్దాలు పైకి తోసి రివెట్లు లెక్కపెట్టాను. మూడు. చక్రం ముఖం బల్లలా చదునుగా ఉంది. మా ఏడీ ఇంజనులోంచి తీసిన క్యాముకి నాలుగు రివెట్లు, చక్రం ముఖం తాంబాళంలా లోపలికి గుంట. ఆ గుంట అందానికి పెట్టింది కాదు. 1971 మోడలు నుంచి ఆయిల్ పంపు పొడుగు పెంచారు. పంపు లోపలి పళ్లు 21 మిల్లీమీటర్లుండేవి 26 అయ్యాయి. ఆ పొడుగు పంపుకి చోటివ్వడానికే చక్రాన్ని గుంట చేశారు. చదును చక్రానికి పొట్టి పంపు, గుంట చక్రానికి పొడుగు పంపు. తారుమారు చేస్తే, గుంట చక్రం ముందు పొట్టి పంపు పెడితే పంపు నాలుక క్యాములోని గాడిలో సరిగా అందదు. చదును చక్రం ముందు పొడుగు పంపు పెడితే పంపు ఒళ్లు చక్రానికి తగులుతుంది.

మా వాడు నా మాట పూర్తిగా నమ్మలేదు. కుర్రాడు కదా, పైగా బేరం చవగ్గా కుదిరింది. "ఒకసారి పెట్టి చూద్దాం మామయ్యా" అన్నాడు. సరే, ఇంటికి తెచ్చి సగం కేసులో షాఫ్టునీ క్యామునీ కూర్చోబెట్టాం. పళ్లు పళ్లతో బాగానే కలిశాయి. కేసు మూసి, నాలుగు నట్లు చేత్తో తిప్పి, మా ఇంజను పొడుగు పంపు తోశాం. చివరి రెండు మిల్లీమీటర్లు దిగకుండా ఆగింది. నట్టు బిగిస్తే దిగింది. షాఫ్టుని చేత్తో తిప్పమన్నాను. పావు చుట్టు తిరిగి, గరక్కున పట్టేసింది. పంపు తీసి చూస్తే దాని వెనక మూడు చోట్ల గోటితో గీరినట్టు మెరుపు గీతలు. రివెట్ల ముద్రలు. మా వాడు వాటిని వేలితో తడుముతూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. అదే ఎలక్ట్రిక్ స్టార్టరుతో తిప్పి ఉంటే ఆ మూడు గీతల బదులు అల్యూమినియం పొడి ఆయిల్లోకి పోయేది.

చల్లటి బల్ల మీద తేలిపోయే తప్పులు అదృష్టవంతుల తప్పులు. గాలి ఇంజను అసలు బాధ వేడెక్కాక బయటపడేది. నీళ్ల ఇంజనుకి నీళ్లు ఒక కట్టుబాటు పెడతాయి, అన్ని చోట్లా వేడి ఇంచుమించు ఒకటిగా ఉంటుంది. దీనికి అదేం లేదు. కేసు మెగ్నీషియం మిశ్రమం. సిలిండర్లు పోత ఇనుము. హెడ్లు అల్యూమినియం. షాఫ్టు ఉక్కు. నాలుగు లోహాలు, నాలుగు స్వభావాలు. ఒకే వేడికి మెగ్నీషియం ఉక్కు కంటే రెట్టింపు పైన సాగుతుంది. మే నెలలో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, లోపల ప్రతి సందూ మీరు షెడ్డులో కొలిచిన సందు కాదు. కాబట్టి ఒక వస్తువు కలుస్తుందా లేదా అన్నది రెండుసార్లు అడగాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కాలిపోతున్నప్పుడు ఒకసారి.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ హెడ్డు స్టడ్లు. సిలిండర్ని, హెడ్డుని కేసుకి పట్టి ఉంచే పొడవాటి కడ్డీలు. మొదట్లో 10 మిల్లీమీటర్ల లావువి వేసేవారు. 1973 మోడలు వచ్చేసరికి కంపెనీ వాటిని 8 మిల్లీమీటర్లకి తగ్గించింది. పొదుపు కోసం అనుకుంటాం. కాదు. ఇంజను వేడెక్కితే సిలిండరూ హెడ్డూ సాగి స్టడ్డుని లాగుతాయి. లావు స్టడ్డు సాగదు, మొండిగా నిలబడుతుంది. అప్పుడు లొంగేది మెత్తటి మెగ్నీషియం. మరలతో సహా ఊడి బయటికొస్తుంది. సన్న స్టడ్డు స్ప్రింగులా కాస్త సాగి, చల్లారాక మళ్లీ దగ్గరవుతుంది. మా ఏడీ కేసులో లావు స్టడ్లే ఉన్నాయి. పదహారింటిలో ఐదు చేత్తో ఊపితే ఊగాయి. పాత మెకానిక్కు కారే చోటల్లా ఇంకాస్త, ఇంకాస్త బిగించినట్టున్నాడు. లావు స్టడ్డు నట్టుకి 3.2 కిలోగ్రామ్ మీటర్ల బిగింపు చాలు, సన్నదానికి 2.5. చేతి బలం చూపించే చోటు కాదది. మేము కేసులో ప్రతి రంధ్రాన్నీ పెద్దది చేయించి, ఉక్కు మరల గొట్టాలు దిగ్గొట్టించి, 8 మిల్లీమీటర్ల స్టడ్లే వేశాం.

ఇంకొకటి. వాల్వుల్ని తోసే కడ్డీలున్నాయి చూడండి, పుష్‌రాడ్లు. కంపెనీవి అల్యూమినియంవి, చివర్లలో మాత్రం ఉక్కు టోపీలు. ఇంటర్నెట్‌లో బలమైన ఉక్కువి దొరుకుతాయని మా వాడు మోజుపడ్డాడు. బలానికేం లోటులేదు. కానీ ఇంజను వేడెక్కి వెడల్పుగా సాగుతుంటే అల్యూమినియం కడ్డీ కూడా దాంతోపాటే సాగి సందుని దాదాపు అలాగే ఉంచుతుంది. ఉక్కుది వెనకబడుతుంది. సందు పెరిగి టకటకలాడుతుంది. అందుకే ఉక్కువి వేసినవాళ్లు చల్లగా ఉన్నప్పుడు అసలు సందే లేకుండా సున్నాకి పెడతారు. మామూలువాటికి 0.15 మిల్లీమీటర్లు పెట్టాలి. అంటే ఒక్క వస్తువు మార్చినందుకు సర్దుబాటు లెక్క కూడా మారింది. రేసులాడేవాడికి అవి కావాలేమో. నాచారం నుంచి తార్నాక పోయి వచ్చేవాడికి ఎందుకు?

బేరింగుల విషయం కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు చేసింది నేనే.

మెయిన్ బేరింగుల పెట్టె మీద రెండు అంకెలుంటాయి. చాలామంది ఒకటే చదువుతారు. ఒకటి, షాఫ్టుని ఎంత అరగదీశారో చెప్పేది: 0.25, 0.50, 0.75. రెండోది, కేసు రంధ్రాల్ని ఎంత పెద్దవి చేశారో చెప్పేది. షాఫ్టు 0.25 తగ్గి, కేసు ఎప్పుడూ బోరింగుకి పోకపోతే, లోపలి అంకె 0.25, బయటి అంకె స్టాండర్డు. మా కేసుకి అంతకుముందే ఒకసారి బోరింగు అయింది. కొలవకపోతే తెలిసేది కాదు. పాత ఇంజన్లకి నా సలహా ఏమిటంటే, బేరింగు సెట్టు చేతికొచ్చాకే షాఫ్టుని గ్రైండింగ్‌కి ఇవ్వండి. ముందు అరగదీయించి, తర్వాత ఆ సైజు బేరింగు కోసం దేశమంతా వెతికినవాళ్లని చూశాను. గ్రైండింగ్ చేసిచ్చిన షాపు పేరు చెప్పను గానీ, మొదటిసారి షాఫ్టు మూలల్లో గుండ్రదనం తీసేసి కత్తిలా చేసిచ్చారు. ఆ మూల నుంచే పగులు మొదలవుతుంది. తిరిగి పట్టుకెళితే, "ఏం గాదు సార్, నడుస్తది" అన్నాడు అక్కడి కుర్రాడు. కూసుంటదికి అన్నగారు ఈ నడుస్తది.

ఇక నా తప్పు. ప్రతి బేరింగు వీపునా ఒక చిన్న రంధ్రం ఉంటుంది, కేసులో నిలబడిన పిన్ను దానిలో దూరాలి. మూడు బేరింగులు ఉంగరంలా చుట్టూ ఒకటే ముక్క, అందుకని కేసులో పెట్టేటప్పుడు రంధ్రం కిందికి తిరిగిపోయి కనిపించదు. చేత్తో అటూ ఇటూ కదిపితే టిక్కుమని కూర్చున్న చప్పుడొస్తుంది. ఆ సాయంత్రం కరెంటు పోయింది. టార్చి వెలుగులో మూడూ కూర్చున్నాయనుకున్నాను. కేసు మూసి పెద్ద నట్లు 3.5 కిలోగ్రామ్ మీటర్లకి బిగించాను. షాఫ్టు కదలనని కూర్చుంది. మళ్లీ విప్పితే ఒక బేరింగు వీపు మీద పెసరగింజంత గుంట. పిన్ను రంధ్రంలోకి పోక బేరింగు వీపు మీదికెక్కింది. సెట్టు మొత్తం పనికిరాదు. మా వాడు మర్యాదస్తుడు, ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా అనిపించింది. రెండో సెట్టు వచ్చాక, రంధ్రం ఎక్కడుండాలో చూసుకుని, కేసు అంచు దగ్గర బేరింగు మీద సన్నగా పెన్సిలు గీత పెట్టాను. గీత అంచుతో కలిస్తే పిన్ను రంధ్రంలో ఉన్నట్టు. ముప్పయ్యేళ్ల అనుభవానికి తోచనిది పెన్సిలుకి తోచింది.

షాఫ్టు ముందుకీ వెనక్కీ ఎంత కదలాలన్నది ఫ్లైవీలు వెనక వేసే మూడు పల్చటి రింగులు, షిమ్ములు, తేలుస్తాయి. 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు, అంతే అనుమతి. ముందు రెండు షిమ్ములే వేసి, డయల్ గేజి పెట్టి, ఫ్లైవీలుని లోపలికి బయటికి లాగి చూస్తాం. మాకు 0.44 వచ్చింది. అందులోంచి ఉంచాల్సిన 0.10 తీసేస్తే 0.34. మూడో షిమ్ము 0.34ది వెయ్యాలి. అంగట్లో "మూడు షిమ్ముల సెట్టు" అని కవర్లో ఇస్తారు. ఎవరి ఇంజనుకి సెట్టో మాత్రం చెప్పరు.

పిస్టన్లు, సిలిండర్లు జతలుగానే కొనండి. నాలుగు పిస్టన్ల బరువుల మధ్య తేడా 10 గ్రాములు దాటకూడదు. మేము బంగారం తూచే చిన్న త్రాసు మీద తూచాం. నాలుగూ మూడు గ్రాముల లోపు వచ్చాయి. పిస్టన్ నెత్తిన ఉన్న బాణం ఫ్లైవీలు వైపు చూడాలి. 87 మిల్లీమీటర్ల సిలిండర్లు అమ్ముతారు, కేసు ముట్టుకోకుండానే దిగుతాయి, శక్తి పెరుగుతుందంటారు. దిగుతాయి. కాకపోతే బయటి కొలత అదే ఉంచి లోపల తొలిచారు కాబట్టి గోడ పల్చన. వేడికి గుండ్రదనం పోతుంది. మన ఎండలకి అవి వద్దు.

చల్లదనం సంగతికొస్తే, జనం పారేసే రేకుల గురించి చెప్పాలి. ఇంజను చుట్టూ నల్లటి రేకు కవచాలుంటాయి. ఫ్యాను గాలిని సిలిండర్ల రెక్కల మధ్యకి మళ్లించి, వేడిగాలి మళ్లీ లోపలికి రాకుండా కిందికి తోసేవి అవే. మా కారుకి కింది రేకులు రెండు లేవు, అంచు చుట్టూ ఉండాల్సిన రబ్బరు పట్టీ అసలే లేదు. ఎవరో మెకానిక్కు గాలి బాగా ఆడుతుందని తీసేశాడట. ఇంట్లో కూలరు పెట్టి తలుపులన్నీ తీసేసినట్టుంది. 65, 70 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ రెక్కలు కూడా మన ఊరికి అక్కర్లేదని చాలామంది తీసేస్తారు. నేను ఒప్పుకోను. ఆ రెక్కలు తెరుచుకున్నాక గాలి ఎటు పోవాలో కూడా చూపిస్తాయి.

ఆయిలు కూలరు పాత ఇంజన్లలో ఫ్యాను గూడు లోపలే నిలబడి, మూడో సిలిండరుకి పోవాల్సిన గాలికి అడ్డు పడేది. అందుకే మూడోది ముందు పోయేది. 1971 మోడలు నుంచి కూలరుని బయటికి జరిపి దానికి వేరే చిన్న గూడు కట్టారు. మెకానిక్కులు డాగ్‌హౌస్ అంటారు. దానికోసం ఫ్యాను వెడల్పు కూడా పెంచారు. గూడు కొత్తది, ఫ్యాను పాతది పెడితే గాలి చాలదు. ఇక కూలరు కింద రెండు రబ్బరు సీళ్లు. చెప్పుకోదగ్గ ధర కూడా ఉండదు వాటికి. ఆయిలు దారి 8 మిల్లీమీటర్లయితే ఒక రకం, 10 అయితే ఇంకో రకం, కింద 10 పైన 8 అయితే మూడో రకం. మూడూ ఒకే కవర్లో వస్తాయి, తప్పువి వేసినా ఆ రోజుకి కారవు.

కార్బురేటరు గురించి రెండే ముక్కలు. రెండు గాలి దారుల హెడ్డుకి సోలెక్స్ 34 పిక్ట్ 3, దాంతో వచ్చిన వ్యాక్యూమ్ డిస్ట్రిబ్యూటరు. బయట బాగా అమ్ముడయ్యే 009 డిస్ట్రిబ్యూటరుకి వ్యాక్యూమ్ లేదు, కాలు నొక్కగానే ఇంజను ఒక్క క్షణం నోరెళ్లబెడుతుంది. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు కాబట్టి పాత రబ్బరు పైపులన్నీ తీసేసి, దాన్ని తట్టుకునేవే వేయండి. పెట్రోలు పైపు వేడి ఇంజను పక్కనే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

మా ఇంజను నాలుగు నెలలకి కట్టాం. మొదట ప్లగ్గులు తీసేసి, ఆయిలు ఒత్తిడి దీపం ఆరేదాకా స్టార్టరుతో తిప్పాం. తర్వాత ప్లగ్గులు పెట్టి తాళం తిప్పితే మూడోసారికి అందుకుంది. వీధిలో పిల్లలు గేటు పట్టుకుని నిలబడ్డారు. మా చెల్లెలు ఫోన్‌లో ఆ చప్పుడు విని, "అన్నయ్యా, మిక్సీ ఏమైనా ఆన్ చేశావా?" అంది.

రాణిగంజ్ క్యామ్‌షాఫ్టు ఇంకా మా షెల్ఫు మీదే ఉంది. దానికి తీగతో ఒక అట్టముక్క కట్టాను: మూడు రివెట్లు, చదును చక్రం, పొట్టి పంపుకి మాత్రమే. ఎవరికైనా 1970కి ముందరి ఇంజను ఉంటే పట్టుకెళ్లొచ్చు.

కారు ఇప్పటికి 480 కిలోమీటర్లు తిరిగింది. ఐదొందలకి వాల్వు సందులు మళ్లీ చూడాలి. ఆదివారం రమ్మన్నాను మా వాణ్ణి. పదింటికి వస్తానన్నాడు, కారు నడుపుకుంటూ. వద్దు, శనివారం రాత్రే తెచ్చి ఇక్కడ పెట్టు, పొద్దున ఆరింటికి ఇంజను చల్లగా ఉండగా మూత తీద్దాం అన్నాను.